ఆట పాతదైనా తగవు పాతబడలేదు

‘స్కైరిమ్’ మంచిచెడ్డలపై ఆటగాళ్లలో భిన్నాభిప్రాయాలు

గుర్రబ్బండి గతుకుల్లో ఊగుతూ కొండదారిన దిగుతోంది. బండిలో నలుగురు ఖైదీలు. చేతులు కట్టేసి ఉన్నాయి. ఒకడి నోటికి గుడ్డ బిగించారు. ఇంకొకడు గుర్రాల దొంగ. తనకూ తిరుగుబాటుకూ సంబంధం లేదని మొత్తుకుంటున్నాడు. బండి ఊళ్లో ఆగింది. తలలు నరికే మొద్దు సిద్ధంగా ఉంది. నాలుగో ఖైదీ మెడను మొద్దు మీద పెట్టేసరికి ఆకాశంలో నల్లటి రెక్కలు కనిపించాయి. డ్రాగన్ అనే రెక్కల సర్పం నిప్పులు కక్కుతూ ఊరి మీద పడింది. ఆ గందరగోళంలో నాలుగో ఖైదీ బతికి బయటపడ్డాడు.

ఆ నాలుగో ఖైదీ మరెవరో కాదు. కంప్యూటర్ ముందు కూర్చుని ఆడుతున్నవాడే.

‘ది ఎల్డర్ స్క్రోల్స్’ అనే వరుసలో ఐదో ఆటగా 2011 నవంబరు 11న విడుదలైన ‘స్కైరిమ్’ ఇలా మొదలవుతుంది. అమెరికాలో మేరీల్యాండ్ రాష్ట్రం రాక్‌విల్ పట్టణంలోని బెథెస్డా గేమ్ స్టూడియోస్ దీన్ని తయారు చేసింది. టాడ్ హోవార్డ్ దర్శకత్వంలో సుమారు వందమంది పనిచేశారు. మొదటి వారంలోనే 70 లక్షల ప్రతులు దుకాణాలకు చేరాయి. 2016 నాటికి అమ్మకాలు 3 కోట్లకు చేరుకున్నాయి. 6 కోట్లు దాటాయని 2023లో హోవార్డ్ వెల్లడించారు.

ఇన్ని ప్రతులు అమ్ముడైనా, ఇన్నేళ్లు గడిచినా ఈ ఆట మీద ఆటగాళ్ల తగవు మాత్రం తెగలేదు. ఇంతకు మించిన ఆట రాలేదని కొందరంటే, మంచి వరుసను పాడుచేసింది ఇదేనని కొందరంటారు. చదువులకని పట్నం వెళ్లి ల్యాప్‌టాప్ మీద ఆటలు మరిగిన మన పిల్లలకు ఈ పేరు కొత్త కాదు. ఆటకు తెలుగు లేదు. వచ్చినంత ఇంగ్లీషుతోనే నెట్టుకు రావాలి. సెలవులకు వచ్చిన కొడుకు ఫోన్‌లో స్నేహితుడితో ఏ రాజు గురించి, ఏ సర్పం గురించి అంతసేపు వాదిస్తున్నాడో ఇంట్లోవారికి అంతుబట్టదు. అది తెలుసుకోవడానికి ఆట ఆడనక్కర్లేదు. ఆ తగవులన్నీ మన రచ్చబండకు తెలిసినవే.

తొమ్మిది వేల ఎకరాల రాజ్యం

ఈ ఆట జానపద సినిమాల కోవలోది. మాంత్రికులు, శాపాలు, గుహలు, నిధులు, మాట్లాడే సర్పాలు అన్నీ ఉంటాయి. సినిమాలో కథానాయకుడు ఎటుపోతే మనమూ అటే చూడాలి. ఇక్కడ ఆడేవాడే కథానాయకుడు. ఆడో మగో, మనిషి రూపమో పిల్లి ముఖమో ముందే ఎంచుకోవచ్చు. ఫలానా ఊరికి పొమ్మని ఆటలో మనుషులు చెబుతారు గానీ, పోకపోతే అడిగేవారు లేరు.

మంచుకొండలు, వాగులు, పట్టణాలతో కూడిన ఈ రాజ్యం విస్తీర్ణం సుమారు 37 చదరపు కిలోమీటర్లని ఆటగాళ్లు లెక్క కట్టారు. మన లెక్కలో తొమ్మిది వేల ఎకరాల పైమాటే. అందులో కట్టెలు కొట్టి అమ్ముకోవచ్చు. గని తవ్వవచ్చు. కొలిమి దగ్గర కత్తులు చేసుకోవచ్చు. పెళ్లి చేసుకోవచ్చు. 2012లో వచ్చిన ఒక చేర్పుతో స్థలం కొని, ఇల్లు కట్టి, అనాథ పిల్లలను పెంచుకునే వీలు కూడా కల్పించారు. లోకాన్ని మింగడానికి వచ్చిన పెద్ద డ్రాగన్‌ను ఆరు నెలలు పట్టించుకోకపోయినా అది ఓపికగా కాచుకునే ఉంటుంది.

చిత్రాలకూ కొదవ లేదు. రివర్‌వుడ్ అనే పల్లెలో కోడిని చంపితే ఊరంతా ఆయుధాలు పట్టి మీద పడుతుంది. అదే దుకాణదారుడి తలమీద గంప బోర్లిస్తే మాత్రం అంగడి మొత్తం దోచుకోవచ్చు. అతని కళ్లకు కనబడలేదు కనుక దొంగతనం జరగనట్టే లెక్క. ఇలాంటివే ఈ ఆటకు అందమని కొందరు నవ్వుకుంటారు. నమ్మేలా లేని లోకంలో ఎంత తిరిగితే ఏం లాభమని మరికొందరు పెదవి విరుస్తారు. పెద్ద నగరమని చెప్పుకునే వైట్‌రన్‌లో ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటట్టు ఉండడం, రాజ్యం తలరాత మార్చే యుద్ధంలో పట్టుమని కొన్ని పదుల మందే కనిపించడం వీరికి మింగుడుపడని సంగతులు.

దారి చూపే బాణం

అన్నిటికన్నా పాత తగవు దారి గురించి.

ఇదే సంస్థ 2002లో ‘మారోవిండ్’ అనే ఆట తెచ్చింది. అందులో ఎవరినైనా వెతకాలంటే దారి అడిగి తెలుసుకోవాలి. వాగు వెంట ఉత్తరానికి పోవాలనో, వంతెన దాటాక ఎడమకు తిరగాలనో అక్కడి మనుషులు చెబుతారు. విన్నది ఆటలోని దినచర్య పుస్తకంలోకి ఎక్కుతుంది. ఆ తర్వాత వెతుక్కునే భారం ఆటగాడిదే. 2006లో వచ్చిన ‘అబ్లివియన్’తో పద్ధతి మారింది. ఎటు పోవాలో తెరమీదే ఒక గుర్తు చూపిస్తుంది. చూసిన చోటికి మళ్లీ పోవాలంటే పటం మీద నొక్కితే చాలు, క్షణంలో అక్కడుంటారు. స్కైరిమ్ కూడా ఇదే బాట పట్టింది.

పాత ఆట నుంచి వచ్చినవారికి ఇది గిట్టలేదు. బాణాన్ని చూస్తూ నడిచేవాడు పక్కనున్న కొండను చూడడని వారి వాదన. ఈ మాట పల్లెల్లో ఎవరికైనా బోధపడుతుంది. ఒకప్పుడు పొరుగూరి పెళ్లికి పోవాలంటే చెరువు కట్ట దగ్గర ఒకరిని, రావిచెట్టు కింద ఒకరిని అడుగుతూ వెళ్లేవారు. దారి పొడుగునా ఊళ్లు, మనుషులు గుర్తుండేవి. ఫోన్ చెప్పినట్టు బండి తిప్పుకుంటూ పోయి వచ్చినవాడిని మధ్యలో ఏ ఊళ్లు తగిలాయని అడిగితే చెప్పలేడు.

రెండో పక్షం వారూ గట్టిగానే జవాబిస్తున్నారు. పగలంతా ఉద్యోగం చేసి, పిల్లలు పడుకున్నాక గంటసేపు ఆడుకునేవాడు ఆ గంటా దారి తప్పి తిరిగితే ఆట ముందుకు సాగేదెప్పుడని వారు అడుగుతున్నారు. మారోవిండ్‌లో చెప్పిన దారులు కొన్నిచోట్ల తప్పులేనని, కత్తి ఎదుటివాడికి తగిలినట్టు కళ్లకు కనిపించినా దెబ్బ తగలలేదని ఆట లెక్కగట్టేదని, పాతదంతా బంగారం కాదని గుర్తుచేస్తున్నారు.

అంత ఇష్టం లేకపోతే బాణాన్ని కనబడకుండా చేసుకోవచ్చు కదా అన్న మాటకు పాతవారి దగ్గర సమాధానం ఉంది. స్కైరిమ్‌లో చాలాచోట్ల మనుషులు దారి చెప్పనే చెప్పరు. బాణం తీసేస్తే చీకట్లో తడుముకున్నట్టే. అంటే బాణం వచ్చాక దారి చెప్పే నోళ్లు మూతపడ్డాయి. అసలు నష్టం అదేనని వారంటున్నారు.

2022 ఫిబ్రవరిలో జపాన్ సంస్థ ఫ్రమ్ సాఫ్ట్‌వేర్ ‘ఎల్డెన్ రింగ్’ అనే ఆటను విడుదల చేసింది. అదీ విశాలమైన జానపద లోకమే. కానీ పని అప్పగించి వెంట బాణం పంపే పద్ధతి అందులో లేదు. కష్టాన్ని తగ్గించుకునే వీలూ లేదు. అయినా ఏడాదిలో 2 కోట్ల ప్రతులు అమ్ముడయ్యాయి. దీంతో పాతవారి వాదనకు కొత్త ఊపిరి వచ్చింది.

నాలుగు మంత్రాలతో పీఠాధిపతి

రెండో తగవు అర్హత గురించి. మారోవిండ్‌లో ఆటగాడు నేర్చుకోదగిన విద్యలు 27 ఉండేవి. అబ్లివియన్‌లో 21 అయ్యాయి. స్కైరిమ్‌లో 18 మిగిలాయి. బలం, తెలివి, చురుకుదనం వంటి గుణాల పట్టికను పూర్తిగా ఎత్తేశారు. సొంతంగా మంత్రాలు కూర్చుకునే వీలునూ తొలగించారు.

మారోవిండ్‌లో ఏ సంఘంలోనైనా పై మెట్టు ఎక్కాలంటే దానికి తగిన విద్య చేతిలో ఉండాలి. మూడు పెద్ద వంశాలలో ఒకదాన్ని ఆశ్రయిస్తే మిగతా రెండింటి తలుపులు మూసుకుపోతాయి. స్కైరిమ్‌లో ఆ ఇబ్బంది లేదు. వింటర్‌హోల్డ్ అనే ఊళ్లోని మంత్రవిద్యా పీఠానికి పట్టుమని నాలుగు మంత్రాలు రానివాడు కూడా అధిపతి కావచ్చు. అతనే వీరుల దండుకు నాయకుడు, దొంగల ముఠాకు పెద్ద, హంతకుల గుంపుకు ముఖ్యుడు కూడా కావచ్చు. పది తప్పినవాడిని ప్రధానోపాధ్యాయుడిని చేసినట్టుందని విమర్శకుల మాట.

దీన్ని మెచ్చుకునేవారి దృష్టి వేరు. డబ్బు పెట్టి ఆట కొన్నవాడికి సగం తలుపులు మూసేయడం ఏం న్యాయమని వారంటున్నారు. స్కైరిమ్‌లో పట్టికలు తగ్గాయి గానీ పని చేసేకొద్దీ పని వస్తుంది. బాణాలు వేసేవాడికి గురి కుదురుతుంది, కత్తులు చేసేవాడికి కమ్మరం అబ్బుతుంది. ఎవరికైనా విద్య వచ్చేది అలాగే కదా అని ప్రశ్నిస్తున్నారు. తొలినాళ్లలో చాలామంది ఆటగాళ్లు పనికిరాని ఇనుప బాకులు వందల కొద్దీ చేసి కమ్మరంలో ఆరితేరిన సంగతిని మాత్రం రెండు పక్షాలూ నవ్వుతూనే ఒప్పుకుంటాయి.

పిట్టపోరు, పిట్టపోరు

అన్నిటికన్నా వేడిగా సాగే వాదం ఆటలోని అంతర్యుద్ధం మీద. స్కైరిమ్ ఒక పెద్ద సామ్రాజ్యంలో భాగం. థాల్మోర్ అనే పరజాతి పాలకులతో యుద్ధంలో దెబ్బతిన్న సామ్రాజ్యం ఒక ఒప్పందం మీద సంతకం చేసింది. దాని ప్రకారం అక్కడివారు కొలిచే టాలోస్ అనే దేవుడి పూజ నిషేధం. దీన్ని సహించని ఉల్ఫ్‌రిక్ అనే దొర తిరుగుబాటు లేవదీశాడు. స్కైరిమ్ మహారాజును సవాలు చేసి చంపాడు. బండిలో నోటికి గుడ్డ కట్టి ఉన్న ఖైదీ ఇతనే. అణచడానికి వచ్చిన సామ్రాజ్య సేనాని పేరు ట్యూలియస్. ఎవరి వైపు చేరాలో ఆటగాడు తేల్చుకోవాలి.

దేవుణ్ణి కొలుచుకోవద్దన్నవాడికి పన్నెందుకు కట్టాలని ఉల్ఫ్‌రిక్ పక్షంవారు వాదిస్తున్నారు. అతని నగరం విండ్‌హెల్మ్‌కు వెళ్లి చూడండని ఎదుటి పక్షంవారు చెబుతున్నారు. అక్కడ శరణు కోరి వచ్చిన వేరే జాతివారు మురికివాడలో ఉంటారు. ఇంకొక జాతివారిని కోట లోపల ఉండనివ్వరు, రేవు దగ్గరే బతకాలి. తనవారికి స్వేచ్ఛ కోరేవాడు పక్కవాడికి నీడ ఇవ్వలేదేమని నిలదీస్తున్నారు. సామ్రాజ్యం ముక్కలైతే రేపు థాల్మోర్ దండెత్తినప్పుడు నిలిచేదెవరని కూడా అడుగుతున్నారు.

ఆటలో ఒకచోట థాల్మోర్ వారి రహస్య పత్రాలు దొరుకుతాయి. ఈ యుద్ధం ఎటూ తేలకుండా సాగడమే వారికి కావాలని, ఉల్ఫ్‌రిక్ గెలుపు కూడా వారికి ఇష్టం లేదని వాటిని బట్టి తెలుస్తుంది. పిట్టపోరు, పిట్టపోరు పిల్లి తీర్చిందన్న సామెత ఇక్కడ అక్షరాలా సరిపోతుంది. ఇది చదివాక ఏ పక్షమూ చేరకుండా ఊరుకున్న ఆటగాళ్లూ ఉన్నారు. వారికోసం ఆటలో తాత్కాలిక సంధి కుదిర్చే దారి ఒకటి ఉంచారు.

యుద్ధం ముగిశాక ఊరి దొరలు మారడం, కాపలావారి దుస్తులు మారడం తప్ప పెద్దగా ఏమీ జరగదని విమర్శ ఉంది. ఇంత ఆలోచింపజేసి చివరకు ఫలితం చూపలేదని ఒక వర్గం అసంతృప్తి. ఎన్నికలయ్యాక మన ఊళ్లో మాత్రం ఏం మారిందని అడిగే రైతుకు ఇది వింతగా తోచకపోవచ్చు.

ముసలి డ్రాగన్ ప్రాణం

పక్షాల గొడవలో లేనివారిని కూడా కదిలించే ప్రశ్న మరొకటుంది. ఎత్తైన మంచుకొండ కొమ్మున పార్థర్నాక్స్ అనే ముసలి డ్రాగన్ ఉంటుంది. ఒకప్పుడు అది పెద్ద డ్రాగన్‌కు కుడిభుజం. మనుషులను హింసించిన పాపంలో దానికీ వాటా ఉంది. తర్వాత మనసు మార్చుకుని మనుషులకు విద్య నేర్పి, పెద్ద డ్రాగన్‌కు ఎదురు తిరిగింది. వేల ఏళ్లుగా కొండ మీద తపస్సు చేస్తూ తన క్రూర స్వభావాన్ని అదుపులో పెట్టుకుంటోంది. ఆటగాడికి గురువులా సాయం చేసేదీ అదే.

ఇంతలో డ్రాగన్లను వేటాడే పాత దండుకు చెందినవారు వచ్చి దాన్ని చంపమంటారు. చేసిన పాపానికి శిక్ష పడాల్సిందేనని, చంపేదాకా తమ సాయం ఉండదని తేల్చి చెబుతారు.

అన్నను వదిలి ధర్మం వైపు వచ్చిన విభీషణుడి కథ, బోయవాడు మహర్షి అయిన కథ విని పెరిగినవారికి తీర్పు సులువనిపించవచ్చు. కానీ చచ్చిపోయినవారి తరఫున మాట్లాడేదెవరని ఎదుటి పక్షం అడుగుతోంది. చంపినవారిలో తర్వాత బాధపడ్డవారున్నారు. చంపకుండా ఆ పనిని అలాగే వదిలేసినవారున్నారు. చంపనని ఆ దండు ముఖం మీద చెప్పే మాట ఆటలో లేకపోవడం పెద్ద లోపమని ఎంతోమంది భావించారు. చివరకు ఒక ఆటగాడే ఆ మాటను తయారుచేసి ఆటకు చేర్చాడు. అది బాగా ప్రచారంలోకి వచ్చింది.

రూపాయిలో పావలా

ఆటగాళ్లు ఇలా సొంతంగా చేసే మార్పులను ‘మోడ్’లు అంటారు. అందుకు కావలసిన పనిముట్లను సంస్థే 2012 ఫిబ్రవరిలో ఉచితంగా ఇచ్చింది. ఆట వచ్చిన కొత్తలో తప్పులు చాలా ఉండేవి. 2011 నవంబరు చివర ఇచ్చిన ఒక సవరణ తర్వాత కొన్ని డ్రాగన్లు వెనక్కి ఎగరడం మొదలుపెట్టాయి. ప్లేస్టేషన్ 3 యంత్రం మీద ఆడినవారికి ఆట ముందుకు సాగేకొద్దీ నత్తనడక పట్టింది. సంస్థ సరిచేసినవి పోగా మిగిలిన లోపాలను ఆటగాళ్లే కూర్చుని బాగుచేశారు. కొత్త ఊళ్లు, కొత్త కథలు, కొత్త దుస్తులు వేల కొద్దీ చేర్చారు. ఒక ఆస్ట్రేలియా రచయిత చేర్చిన ‘ది ఫర్గాటెన్ సిటీ’ అనే కథకు 2016లో ఆ దేశపు రచయితల సంఘం బహుమతి లభించింది. 2021లో అది విడి ఆటగా వెలువడింది. జర్మన్ల బృందం ఒకటి 2016లో ‘ఎండెరాల్’ పేరిట పూర్తిగా వేరే లోకాన్నే కట్టి ఉచితంగా ఇచ్చింది.

ఈ చాకిరీకి వెల కట్టబోయినప్పుడు పెద్ద గొడవ చెలరేగింది. 2015 ఏప్రిల్ 23న ఆటను అమ్మే స్టీమ్ అంగడిలో మోడ్‌లకు ధర పెట్టుకునే వీలు కల్పించారు. వచ్చిన రూపాయిలో తయారుచేసినవాడికి పావలా. మిగతా ముప్పావలా అంగడి నడిపే వాల్వ్‌కు, ఆట సంస్థ బెథెస్డాకు. నేల మాది కనుక పంటలో వాటా మాదని సంస్థల లెక్క. చెమటోడ్చినవాడికి పావలాయేనా అని మండిపడినవారున్నారు. ఒకరు చేసినదాన్ని మరొకరు అమ్ముకుంటారని భయపడినవారున్నారు. ఇన్నేళ్లు ఇచ్చిపుచ్చుకున్న చోట డబ్బు ప్రవేశిస్తే చెలిమి చెడుతుందన్నవారున్నారు. పావలా అయినా ఇన్నాళ్లకు దక్కింది కదా అని సంతోషించిన తయారీదారులూ లేకపోలేదు. ఏప్రిల్ 27న ఆ ఏర్పాటును ఎత్తేసి, కొన్నవారికి డబ్బు వాపసు ఇచ్చారు. 2017లో సంస్థ తానే ఎంపిక చేసి డబ్బిచ్చి చేయించే వేరే పద్ధతి తెచ్చింది. ఉచితంగా చేసేవారు చేస్తూనే ఉన్నారు.

అదే ఆటను 2016లో, 2017లో, 2021లో కొత్త ముస్తాబులతో మళ్లీ మళ్లీ అమ్మడాన్ని కూడా ఆటగాళ్లు ఎద్దేవా చేశారు. చేస్తూనే చాలామంది మళ్లీ కొన్నారు.

అవ్వకు నేర్పబోయిన మనవలు

ఈ తగవుల్లో ఒకటి మాత్రం నవ్వులతో ముగియలేదు. అమెరికాకు చెందిన షర్లీ కర్రీ అనే వృద్ధురాలు 1936లో పుట్టారు. 1990లలో కొడుకు చలవతో ఆమెకు కంప్యూటర్ ఆటలు అలవాటయ్యాయి. ఎనభయ్యో పడికి దగ్గరపడిన వయసులో, 2015లో, తాను స్కైరిమ్ ఆడుతున్న తీరును యూట్యూబ్‌లో చూపడం ప్రారంభించారు. చూసేవారిని మనవలూ అని పలకరించేవారు. తొందర లేకుండా, కథ చెప్పుకుంటూ సాగే ఆమె ఆటకు లక్షలాది మంది అభిమానులయ్యారు. ఈ వరుసలో రాబోయే ఆరో ఆటలో ఆమె పేరిట ఒక పాత్ర ఉంటుందని 2019లో బెథెస్డా ప్రకటించింది.

అయితే 2020లో ఆమె వీడియోలు తగ్గిస్తున్నట్టు చెప్పారు. అలా కాదు ఇలా ఆడాలని, అది తీసుకో ఇది వదిలేయమని, చిన్నపిల్లకు చెప్పినట్టు చూసేవారు రాస్తున్న మాటలు తన మనసును, ఆరోగ్యాన్ని ఇబ్బంది పెడుతున్నాయని ఆమె బాధ. ఎటు పోవాలో చెప్పేవారు లేని ఆట అని జనం మెచ్చుకున్నది ఈ ఆటనే. అందులోనే ఒక పెద్దావిడను ఆమెకు నచ్చిన దారిన నడవనివ్వలేదు.

బాణం కావాలనేవారికీ వద్దనేవారికీ, ఉల్ఫ్‌రిక్‌ను మెచ్చేవారికీ తిట్టేవారికీ ఆ తొమ్మిది వేల ఎకరాల్లో చోటుంది. ఒక్కొక్కరు ఆడింది ఒక్కో ఆట. పక్కవాడు ఆడింది ఆటే కాదన్నప్పుడే పేచీ వస్తోంది.

పండక్కి ఇంటికొచ్చిన పిల్లవాడు ల్యాప్‌టాప్ తెరిచి గుర్రబ్బండి బొమ్మ ముందు కూర్చుంటే, ఎప్పుడు చూసినా ఆటేనా అని గదమాయించడానికి ముందు పక్కన కూర్చుని ఒక్క మాట అడగవచ్చు. కొండ మీద ముసలి డ్రాగన్‌ను చంపావా, వదిలేశావా అని. వాడు చెప్పే జవాబు కన్నా, ఎందుకలా చేశాడో చెప్పే కారణం వినదగ్గది.